గోధుమ, గొడ్డుమాంసం, జనాకర్షణ: పెరోన్ కాలపు అర్జెంటీనా విదేశీ వాణిజ్యం

1946 నుంచి 1955 దాకా అర్జెంటీనాను పాలించిన హువాన్ పెరోన్ ప్రభుత్వం జనాకర్షక రాజకీయాలను విదేశీ వాణిజ్యంతో నేరుగా ముడిపెట్టింది. రైతు పండించిన పంటను ప్రభుత్వమే కొని, ప్రభుత్వమే విదేశాలకు అమ్మి, మిగిలిన లాభంతో ఫ్యాక్టరీలు పెట్టించి, పట్టణ కార్మికుల బతుకు బాగుచేయాలన్నది ఆ విధానం సారం. మొదటి మూడేళ్లూ అది బాగానే నడిచింది. 1952 వచ్చేసరికి ప్రపంచానికి గోధుమ అమ్మిన దేశం తానే గోధుమ దిగుమతి చేసుకోవలసి వచ్చింది. ఈ మలుపుకు వాతావరణం కొంత కారణమైతే, వ్యాపార భాగస్వాములతో నడిపిన బేరసారాలు అంతకంటే పెద్ద కారణం.

పంపా మైదానాలు, లండన్ మార్కెట్

అర్జెంటీనా సంపదకు పునాది పంపా మైదానాలు. బ్యూనస్ ఎయిర్స్ రేవు చుట్టూ వందల కిలోమీటర్లు పరుచుకున్న ఈ నల్లనేలల్లో 19వ శతాబ్దం చివర గోధుమ సాగు, పశువుల పెంపకం విపరీతంగా పెరిగాయి. మాంసాన్ని శీతల గదుల్లో ఉంచి సముద్రం దాటించవచ్చని 1876లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ‘ఫ్రిగోరిఫిక్’ ఓడ చూపించింది. పంటను రేవుకు చేర్చే రైలు మార్గాల్లో ఎక్కువ భాగం బ్రిటిష్ కంపెనీలు వేసినవే. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి తలసరి ఆదాయంలో అర్జెంటీనా ప్రపంచంలోని సంపన్న దేశాల సరసన నిలిచింది.

ఈ వ్యాపారం మూడు దేశాల మధ్య తిరిగేది. బ్రిటన్‌కు మాంసం, ధాన్యం అమ్మి అర్జెంటీనా పౌండ్లు సంపాదించేది. ఆ పౌండ్లను డాలర్లుగా మార్చి అమెరికా నుంచి యంత్రాలు, కార్లు కొనేది. అమెరికాకు మాత్రం అర్జెంటీనా సరుకుతో పెద్దగా పని లేదు, ఆ పంటలన్నీ అక్కడా పండేవే. పైగా గాలికుంటు వ్యాధి పేరుతో అమెరికా 1927 నుంచి అర్జెంటీనా పచ్చి మాంసాన్ని రానివ్వలేదు. చల్లబరిచిన గొడ్డుమాంసానికి చివరికి లండన్ ఒక్కటే నమ్మకమైన మార్కెట్‌గా మిగిలింది.

1932లో ఒట్టావా ఒప్పందాలతో బ్రిటన్ తన సామ్రాజ్యంలోని దేశాల సరుకుకే పెద్దపీట వేసింది. ఉన్న ఒక్క మార్కెట్ కూడా పోతుందని భయపడిన బ్యూనస్ ఎయిర్స్ ప్రభుత్వం 1933 మే 1న బ్రిటన్‌తో రోకా–రన్సిమన్ ఒప్పందం కుదుర్చుకుంది. మాంసం కొనుగోలును 1932 స్థాయి కంటే పెద్దగా తగ్గించబోమని బ్రిటన్ హామీ ఇచ్చింది. బదులుగా మాంసం ఎగుమతి కోటాలో 85 శాతం విదేశీ కంపెనీల చేతుల్లోనే ఉంచడానికి, బ్రిటిష్ బొగ్గుపై సుంకం వేయకుండా ఉండటానికి, దేశంలోని బ్రిటిష్ సంస్థల పట్ల ఉదారంగా మెలగడానికి అర్జెంటీనా ఒప్పుకుంది.

పశువుల ఆసాములకు ఇది ఊపిరి పోసినా, దేశంలో చాలామందికి ఇది తలవంపుగానే తోచింది. మాంసం కంపెనీల పన్ను ఎగవేతలనూ లొసుగులనూ సెనెటర్ లిసాండ్రో దె లా తోరె 1935లో సభ ముందు పెట్టాడు. ఆ చర్చ జరుగుతుండగానే, జూలై 23న, అతని సహచరుడు ఎన్సో బోర్దబెహెరె సెనెట్ సభా మందిరంలోనే కాల్పులకు బలయ్యాడు. విదేశీ వ్యాపారం అంటే దేశాన్ని తాకట్టు పెట్టడమేనన్న భావన ఆ దశాబ్దంలో బలంగా నాటుకుంది. పెరోన్ రాజకీయం ఆ కోపంలోంచే పుట్టింది. ఆ కోపానికి కారణాలు నిజమైనవని గుర్తించకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

పెరోన్ రాక

1943 జూన్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకున్నప్పుడు కర్నల్ పెరోన్ కార్మిక వ్యవహారాల శాఖను కోరి తీసుకున్నాడు. వ్యవసాయ కూలీలకు రక్షణ చట్టం, వేతనంతో కూడిన సెలవులు, ఏడాది చివర పదమూడో నెల జీతం వంటి చర్యలతో కార్మిక సంఘాలను తన వెంట తెచ్చుకున్నాడు. తోటి అధికారులు అతన్ని నిర్బంధిస్తే 1945 అక్టోబర్ 17న కార్మికులు రాజధాని వీధులను నింపి విడిపించుకున్నారు.

1946 ఫిబ్రవరి ఎన్నికలకు ముందు అమెరికా ఒక పెద్ద పొరపాటు చేసింది. బ్యూనస్ ఎయిర్స్‌లో రాయబారిగా పనిచేసిన స్ప్రూయిల్ బ్రాడెన్ పెరోన్‌ను బహిరంగంగా వ్యతిరేకించాడు. పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు అమెరికా విదేశాంగ శాఖ, అర్జెంటీనా పాలకులకు నాజీలతో సంబంధాలున్నాయని ఆరోపిస్తూ ‘బ్లూ బుక్’ అనే నివేదిక విడుదల చేసింది. పెరోన్ దాన్నే ఆయుధం చేసుకుని, ఎన్నికను బ్రాడెన్‌కూ పెరోన్‌కూ మధ్య పోటీగా మార్చి గెలిచాడు. బయటివాళ్ల జోక్యం జనాకర్షక నాయకుడి బలాన్ని పెంచుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ చరిత్రలో అరుదు.

ప్రభుత్వమే వర్తకుడు

1946 మార్చిలో కేంద్ర బ్యాంకు జాతీయమైంది. మే నెలలో, పెరోన్ ప్రమాణ స్వీకారానికి కొద్ది రోజుల ముందు, వాణిజ్య ప్రోత్సాహక సంస్థ ఏర్పడింది. స్పానిష్ పేరులోని మొదటి అక్షరాలతో దాన్ని ఐఏపీఐ అనేవారు. డబ్బాల తయారీ పరిశ్రమలో ఎదిగిన మిగెల్ మిరాండా ఈ ఆర్థిక వ్యవస్థకు సూత్రధారి.

సంస్థ పనితీరు సరళం. గోధుమ, మొక్కజొన్న, అవిసె వంటి పంటలకు అది ధర ప్రకటించేది. ఎగుమతి కోసం కొనేది అదొక్కటే కాబట్టి రైతు ఆ ధరకే ఇవ్వాల్సి వచ్చేది. యుద్ధంతో చితికిపోయిన ఐరోపా ఆకలితో ఉన్న ఆ రోజుల్లో ప్రపంచ మార్కెట్లో ధాన్యం ధరలు ఆకాశంలో ఉన్నాయి. సంస్థ తాను కొన్న ధరకు రెట్టింపు, ఒక్కోసారి అంతకు మించి అమ్మింది. మధ్యలో మిగిలిన సొమ్ము యంత్రాల దిగుమతికి, పరిశ్రమలకు రుణాలుగా, పట్టణాల్లో ఆహారం చౌకగా అందించే రాయితీలుగా వెళ్లింది. నిజ వేతనాలు బాగా పెరిగాయి. శ్రామిక కుటుంబాలు మునుపెన్నడూ లేనంతగా మాంసం తిన్నాయి.

ఈ లెక్కలో నష్టపోయింది పెద్ద భూస్వాములే కాదు. కౌలు రేట్లను ప్రభుత్వం స్తంభింపజేసినందువల్ల కౌలు రైతుకు కొంత ఊరట దొరికిన మాట నిజమే. కానీ ప్రపంచ ధరలో సగం కూడా చేతికి రాకపోతే విత్తనం, కూలి, యంత్రాల ఖర్చు ఎక్కడ పూడుతుంది? గోధుమ విస్తీర్ణం తగ్గింది. పొలాలు పశువుల మేతకు మళ్లాయి.

రైళ్ల కొనుగోలు, స్నేహాల బేరం

యుద్ధం ముగిసే నాటికి అర్జెంటీనా దగ్గర బంగారం, విదేశీ మారకం పెద్ద మొత్తంలో పోగుపడ్డాయి. కానీ అందులో గణనీయమైన భాగం లండన్‌లో నిలిచిపోయిన పౌండ్లు. 1947 జూలైలో బ్రిటన్ పౌండ్‌ను డాలర్లుగా మార్చుకునే వీలు కల్పించి, నిల్వలు కరిగిపోవడంతో ఆగస్టులోనే ఆ తలుపు మూసేసింది. పాత మూడు దేశాల వ్యాపారం దాంతో తెగిపోయింది. లండన్‌లో అమ్మిన మాంసం డబ్బు న్యూయార్క్‌లో యంత్రాలు కొనడానికి పనికిరాకుండా పోయింది.

నిలిచిపోయిన పౌండ్లు కొంత, రాబోయే ఆహార ఎగుమతులకు బ్రిటన్ ముందస్తుగా ఇచ్చే చెల్లింపు కొంత కలిపి అర్జెంటీనా బ్రిటిష్ రైల్వేలను 15 కోట్ల పౌండ్లకు కొన్నది. 1948 మార్చి 1న అవి దేశం పరమయ్యాయి, జనం సంబరాలు చేసుకున్నారు. అంతకు ముందే 1947 జూలై 9న, దేశం 1816లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న తుకుమాన్ నగరంలోనే పెరోన్ ‘ఆర్థిక స్వాతంత్ర్యం’ ప్రకటించాడు. చేతికి వచ్చిన రైళ్లు మాత్రం చాలావరకు పాతబడినవి. వాటిని బాగుచేయడానికి కావలసింది డాలర్లు.

ధాన్యాన్ని దౌత్యానికీ వాడారు. 1946 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి స్పెయిన్ నుంచి రాయబారులను వెనక్కి పిలవాలని సిఫారసు చేస్తే, అర్జెంటీనా కొత్త రాయబారిని పంపింది. అక్కడి ఫ్రాంకో ప్రభుత్వానికి గోధుమను అప్పు మీద సరఫరా చేసింది. 1947లో పెరోన్ భార్య ఎవా స్పెయిన్ వెళ్లినప్పుడు ఘన స్వాగతం లభించింది. ఆ అప్పు తీర్చే స్తోమత స్పెయిన్‌కు లేకపోవడంతో కొన్నేళ్లకే స్నేహం చల్లబడింది.

యుద్ధానంతర వాణిజ్య వ్యవస్థ రూపుదిద్దుకుంటున్నప్పుడు అర్జెంటీనా దూరంగా నిలబడింది. సుంకాలు, వాణిజ్యంపై దేశాలు కుదుర్చుకున్న గాట్ ఒప్పందంలో చేరలేదు. హవానా సమావేశంలో అంతర్జాతీయ వాణిజ్య సంస్థ కోసం రాసిన పత్రంపై సంతకం పెట్టలేదు. అంతర్జాతీయ ద్రవ్యనిధిలోనూ చేరలేదు. మార్షల్ ప్రణాళిక కింద ఐరోపాకు అందే డాలర్లతో తమ గోధుమ కొంటారన్న ఆశ మాత్రం పెట్టుకుంది. ప్రణాళికను నడిపిన అమెరికా అధికారులు అర్జెంటీనా అడిగే ధరలకు ఒప్పుకోలేదు. కొనుగోళ్లు అమెరికా, కెనడా పొలాలకు వెళ్లాయి. ఐరోపాలో పంటలు కోలుకున్నాయి, ధరలు దిగాయి. సరుకు ఆపితే కొనేవాడే దిగివస్తాడన్న అంచనా తప్పింది.

నల్ల రొట్టె

1949 జనవరిలో మిరాండా పదవి వదిలాడు. 1950లో అమెరికా ఎగుమతి–దిగుమతి బ్యాంకు నుంచి 12.5 కోట్ల డాలర్ల రుణం తీసుకోక తప్పలేదు. అదే ఏడాది బ్రిటన్‌తో మాంసం ధర దగ్గర పేచీ వచ్చింది. 1949 సెప్టెంబర్‌లో పౌండ్ విలువ తగ్గించడంతో పాత ధర గిట్టదని అర్జెంటీనా పట్టుబట్టి, 1950 జూలైలో ఎగుమతి ఆపేసింది. బ్రిటన్‌లో అప్పటికి ఇంకా రేషన్ నడుస్తోంది. 1951 తొలి నెలల్లో అక్కడ మనిషికి వారానికి దొరికే మాంసం ఎనిమిది పెన్నీల విలువకు పడిపోయింది. ఏప్రిల్‌లో కొత్త ఒప్పందం కుదిరి సరఫరా మళ్లీ మొదలైంది. ఒకరు మరొకరిని నమ్ముకుని బతికే వ్యాపారంలో పట్టుదల రెండు పక్షాలనూ ఎంతగా దెబ్బతీస్తుందో ఆ తొమ్మిది నెలలు చూపించాయి.

అంతలో తీవ్రమైన కరవు వచ్చిపడింది. ముందే కుదించుకుపోయిన గోధుమ సాగు 1951–52లో కుప్పకూలింది. బేకరీల్లో చిరుధాన్యాల పిండి కలిపిన నల్ల రొట్టె అమ్మారు. ఎగుమతికి మాంసం మిగల్చడానికి దేశంలో మాంసం అమ్మకాలపై ఆంక్షలు పెట్టారు. అమెరికా నుంచి గోధుమ తెప్పించారు.

1952 ఫిబ్రవరిలో పెరోన్ ప్రకటించిన ఆర్థిక ప్రణాళిక పాత దారికి వ్యతిరేక దిశలో సాగింది. వేతనాలను రెండేళ్లు కట్టడి చేశారు. రైతును పిండిన ఐఏపీఐయే ఇప్పుడు ప్రపంచ ధర కంటే ఎక్కువ ఇచ్చి పంట కొన్నది. 1953లో విదేశీ పెట్టుబడులకు కొత్త చట్టం వచ్చింది. చమురు వెలికితీతకు 1955లో ఒక అమెరికా కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుంటే సొంత మద్దతుదారులే నిరసన తెలిపారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో సైన్యం పెరోన్‌ను గద్దె దించింది.

మిగిలిన వారసత్వం

కొత్త పాలకులు ఐఏపీఐని రద్దు చేశారు. 1956లో అర్జెంటీనా అంతర్జాతీయ ద్రవ్యనిధిలో చేరింది. పేరుకుపోయిన వాణిజ్య బాకీల గురించి మాట్లాడటానికి ఐరోపా రుణదాతలు ఆ ఏడాది పారిస్‌లో సమావేశమయ్యారు. అప్పుల్లో చిక్కిన దేశాలతో బేరమాడే ‘పారిస్ క్లబ్’ అక్కడే మొదలైంది. గాట్‌లో చేరడానికి మాత్రం 1967 దాకా పట్టింది. ఈలోగా ఐరోపా తన రైతులకు రాయితీలిచ్చే వ్యవసాయ విధానాన్ని కట్టుకుంది. పాత మార్కెట్లలో కొంత భాగం శాశ్వతంగా చేజారింది.

పొలం సంపదను పట్టణానికి మళ్లించాలన్న ఆలోచన ఐఏపీఐతో పాటు పోలేదు. ఎగుమతి సుంకాల రూపంలో అది పదే పదే తిరిగి వచ్చింది. 2006లో దేశంలో ధరలు అదుపు చేయడానికి నెస్తోర్ కిర్చ్‌నర్ ప్రభుత్వం గొడ్డుమాంసం ఎగుమతులను కొన్నాళ్లు నిలిపేసింది. 2008లో సోయా ఎగుమతులపై సుంకం పెంచబోతే రైతులు నెలల తరబడి రోడ్లు దిగ్బంధించారు. సెనెట్‌లో ఓట్లు సమానంగా చీలినప్పుడు ఉపాధ్యక్షుడు హూలియో కోబోస్ తన ప్రభుత్వ ప్రతిపాదనకే వ్యతిరేకంగా ఓటు వేసి దాన్ని ఓడించాడు.

కార్మికుడి గౌరవం, విదేశీ కంపెనీల పెత్తనం నుంచి విముక్తి అనే రెండు లక్ష్యాలూ న్యాయమైనవే. పెరోన్ కాలంలో కార్మికులు సాధించుకున్న హక్కులు చాలావరకు నిలబడ్డాయి. నిలబడనిది, వాటికి డబ్బు సమకూర్చిన పద్ధతి. ఆ పద్ధతి ఇతర దేశాల ఆకలి మీద, ఎక్కువ కాలం ఉండని ధరల మీద, ఎదిరించలేని రైతు మీద ఆధారపడింది. కొనేవాళ్లు వేరే దారి వెతుక్కున్నారు, రైతు సాగు తగ్గించాడు, ధరలు దిగాయి. కాలూని నిలబడటానికి కావలసిన డాలర్లు, స్నేహాలు, ఒప్పందాలు అప్పటికి దేశం చేతిలో లేవు. ప్రజల మేలు కోరే ప్రభుత్వం విదేశీ వాణిజ్యాన్ని అస్త్రంగా వాడేటప్పుడు అవతలి పక్షం ఎదురుచూడగలదా, తన పొలం పండుతూనే ఉంటుందా అనే రెండు లెక్కలూ ముందే వేసుకోవాలి. 1946లో బ్యూనస్ ఎయిర్స్ ఆ రెండు లెక్కలూ వేయలేదు.