స్పెషల్ స్కూల్లో చేర్పిస్తున్నారా? ముందు ఈ మూడు కాగితాలు అడగండి

బోర్డు మీద ‘స్పెషల్ స్కూల్’ అనో ‘థెరపీ సెంటర్’ అనో ఉంటుంది. లోపల ప్రిన్సిపల్ గారు నమ్మకంగా మాట్లాడతారు. ఫీజు కట్టేస్తాం. బిడ్డకు పాఠం చెప్పేవారు, ఆ కేంద్రాన్ని నడిపేవారు ఏం చదివారో మాత్రం చాలామందిమి అడగం. అడిగే హక్కు మీకుంది. ఎలాగో చూద్దాం.

ప్రమాణాలు ఎవరు నిర్ణయిస్తారు?

భారత పునరావాస మండలి. దీన్నే ఆర్‌సీఐ అంటారు. 1992 నాటి చట్టం ప్రకారం ఏర్పడింది. ఏ కోర్సు చెల్లుతుందో, ఏ సంస్థ దాన్ని నేర్పవచ్చో ఇదే చెబుతుంది. ఇది గుర్తించిన 16 విభాగాల్లో స్పెషల్ టీచర్లతో పాటు పునరావాస కౌన్సెలర్లు, నిర్వాహకులు కూడా ఉన్నారు.

మామూలు బీఈడీ సరిపోదా?

సరిపోదు. ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా, బీఈడీ వంటి అర్హత ఉండాలి. చదివాక కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో పేరు నమోదు కావాలి. ఆ నమోదును ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోవాలి. నమోదు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఏం అడగాలి?

1. సంస్థ రిజిస్ట్రేషన్ పత్రం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఇది తప్పనిసరి. అందరికీ కనిపించేచోట ప్రదర్శించాలి కూడా.

2. టీచర్ ఆర్‌సీఐ నమోదు సంఖ్య. గడువు తేదీ కూడా చూడండి. ‘అప్లై చేశాం, వస్తుంది’ అంటే నమోదు ఉన్నట్టు కాదు.

3. కోర్సు సర్టిఫికెట్. ఈ కోర్సులు వైకల్యాన్ని బట్టి వేరువేరుగా ఉంటాయి. వినికిడి లోపం విభాగంలో చదివినవారు మేధో వైకల్యమున్న బిడ్డకు బోధిస్తుంటే, ఆ శిక్షణ ఎక్కడ పొందారో అడగండి.

మామూలు బడిలో చదువుతుంటే?

అక్కడా స్పెషల్ టీచర్ ఉండాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రాథమిక స్థాయిలో 10 మందికి ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు చొప్పున ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

సందేహం వస్తే?

నమోదు సంఖ్యను ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. మేధో వైకల్యం విషయంలో సలహా కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ ఉంది. 1984లో మొదలైన ఈ సంస్థ స్పెషల్ టీచర్లకు శిక్షణ కూడా ఇస్తుంది.

కాగితాలు అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. అర్హత ఉన్నవారు చూపించడానికి వెనకాడరు. తప్పుడు చేతుల్లో పోయిన ఏడాదిని మాత్రం బిడ్డకు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.