ఆరు తీగలిచ్చి నాలుగు తీగలు

మా మేనల్లుడు మొన్నామధ్య నిక్షేపంలాంటి ఎలక్ట్రిక్ గిటార్ ఇచ్చేసి, దానికి బదులు 1970ల నాటి బేస్ గిటార్ ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. రంగు పెచ్చులూడింది. వెనకంతా బెల్టు బకిలు గీతలు. ఎత్తితే భుజం లాగేంత బరువు. "ఆరు తీగలిచ్చి నాలుగు తీగలు తెచ్చుకోవడం ఏం బేరంరా? పైగా ఎదురు డబ్బులు కూడానా!" అంది మా అక్క. వాడేమో "అమ్మా, ఇది వింటేజ్" అన్నాడు. "మీ తాతగారి సైకిలూ వింటేజే. పాత సామాన్ల వాడు కిలోల్లెక్కన పట్టుకుపోయాడు" అందావిడ.

జనం పట్టించుకున్న మొదటి ఎలక్ట్రిక్ బేస్ గిటార్ బజారుకెక్కి ఈ ఏడాదికి 75 ఏళ్ళు. మా ఎడిటర్‌కి ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది, నాకు ఇంకా ఆలస్యంగా చెప్పారు. కాబట్టి బేస్ కథలో మొదటి నాలుగు శతాబ్దాలనూ కాస్త వేగంగా దాటేద్దాం.

పదహారో శతాబ్దపు యూరప్‌లో మంద్రస్థాయి పలికించడానికి మనిషెత్తు వాద్యాలు చేశారు. వాటిలో కొన్నిటికి మెట్లుండేవి, కొన్నిటికి లేవు. తీగలకు జంతువుల పేగులు వాడేవారు. అలా మారుతూ మారుతూ డబుల్ బేస్ తయారైంది. ఇరవయ్యో శతాబ్దంలో అది జాజ్ బృందాల్లో చేరింది. డ్రమ్ముల హోరులో దాని గొంతు ఎవరికీ వినపడేది కాదు, దాన్ని కారులో ఎక్కించడమూ ఓ యజ్ఞమే. 1930ల మధ్యలో సియాటిల్‌కి చెందిన పాల్ టట్‌మార్క్ అనే ఆయన గిటార్‌లా అడ్డంగా పట్టుకుని వాయించే ఎలక్ట్రిక్ బేస్ చేసి అమ్మాడు. జనం పట్టించుకోలేదు.

పట్టించుకున్నది 1951లో. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియోలు బాగుచేసి పైకొచ్చిన లియో ఫెండర్, ప్రెసిషన్ బేస్ అనే పలకలాంటి వాద్యాన్ని 199 డాలర్ల 50 సెంట్లకు అమ్మకానికి పెట్టాడు. మోగే తీగ పొడవు 34 అంగుళాలు. మన వీణలాగే మెట్లున్నాయి గనక వేలు పెట్టిన చోట శ్రుతి తప్పదు. డబుల్ బేస్ నేర్చుకోని గిటారిస్టు కూడా అవసరపడితే దీన్ని అందుకోవచ్చన్నది ఆయన ఉద్దేశం. ఇంతా చేసి ఆయనకి గిటార్ వాయించడం రాదు! గిటార్ వదిలి బేస్ పట్టే మార్పిడికి తలుపు తెరిచింది ఆయనే. ఆ తలుపులోంచి వచ్చినవాళ్ళలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి కేరల్ కే.

ఆవిడ పుట్టింది 1935లో. తల్లీ తండ్రీ ఇద్దరూ సంగీతం వాళ్ళే, ఇంట్లో డబ్బు మాత్రం లేదు. పద్నాలుగేళ్ళకే గిటార్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి, తర్వాత లాస్ ఏంజెలెస్ క్లబ్బుల్లో జాజ్ వాయించింది. 1957లో ఓ క్లబ్బులో ఆమె వాయింపు విన్న నిర్మాత ఒకాయన శామ్ కుక్ రికార్డింగుకి రమ్మన్నాడు. క్లబ్బు కంటే స్టూడియోలో డబ్బెక్కువ. పోషించాల్సిన పిల్లలున్న మనిషి, మారుమాట లేకుండా వెళ్ళింది. మరుసటి ఏడాది వచ్చిన రిచీ వాలెన్స్ 'లా బాంబా'లో వెనక నడిచే గిటార్ ఆమెదే.

1963లో హాలీవుడ్‌లోని కేపిటల్ స్టూడియోలో ఓ రికార్డింగుకి బేస్ వాయించే ఆయన రాలేదు. మన మద్రాసు స్టూడియోల్లోలాగే అక్కడా గంటగంటకీ మీటరు తిరుగుతుంటుంది. ఆయన కోసం ఎదురుచూసే ఓపిక ఎవరికీ లేదు. గిటార్ పట్టుకుని కూర్చున్న కేరల్ చేతికి ఫెండర్ బేస్ వచ్చింది. వాయించింది. తనకే తెగ నచ్చేసింది. పాటలో గిటార్‌కి ఇచ్చేది ఏదో రెండు ముక్కలు, బేస్‌కైతే పాట మొత్తాన్నీ నడిపే పెత్తనం. ఇంకో లాభం కూడా ఆవిడే చెప్పుకుంది: రికార్డింగుకో నాలుగు రకాల గిటార్లు మోసుకెళ్ళే బాధ తప్పి, ఒక్క బేస్‌తో పనయిపోతుందట. కళాకారుల జీవితాల్లో పెద్ద మలుపుల వెనక ఇలాంటి మోతబరువు కారణాలు ఎన్ని ఉంటాయో, జీవితచరిత్రలు రాసేవాళ్ళు పట్టించుకోరు.

అప్పట్లో అక్కడ ఒకే పాటకి డబుల్ బేస్ ఒకరు, ఫెండర్ బేస్ ఒకరు, టకటకలాడే ఆరు తీగల బేస్ ఇంకొకరు వాయించిన సందర్భాలున్నాయి. కేరల్ వేళ్ళతో మీటలేదు. గిటారిస్టు అలవాటు పోనివ్వకుండా గట్టి పిక్కుతోనే కొట్టింది. మోత మరీ సాగకుండా తీగలమీద ఫెల్టు ముక్క అదిమింది. దాంతో ప్రతి స్వరం తలుపు మీద వేలితో కొట్టినంత స్పష్టంగా వచ్చి, అంతలోనే ఆగేది. చిన్న రేడియోలో కూడా ఆ బేస్ వినపడేది.

సోనీ అండ్ షేర్ జంట 1967 నాటి 'ద బీట్ గోస్ ఆన్' వినండి. పాటంతా దాదాపు ఒకే కార్డు మీద నడుస్తుంది, కాగితం మీద చూస్తే అందులో ఏమీ లేదు. స్టూడియోలో కేరల్ ఒకటి రెండు రకాలుగా వాయించి చూసి, గంతులేసే ఓ వరస పట్టింది. ఆ వరస తీసేస్తే పాట కూలబడుతుంది. పాట రాసిన పేరు, రాయల్టీ సోనీకి, ఆమెకి ఆ పూట కూలి. బీచ్ బాయ్స్ దగ్గర మాత్రం బేస్ వరసలు బ్రయన్ విల్సన్ రాసినవేనని ఆవిడే ఒప్పుకుంటుంది. డెట్రాయిట్ రికార్డు కంపెనీ మోటౌన్ పాటలు కొన్ని తాను వాయించినవేనని ఆమె చేసిన వాదన మీద గొడవ ఇప్పటికీ తెగలేదు. 2025లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను ఎంపిక చేస్తే, తొంభయ్యేళ్ళ వయసులో, నేను రానని చెప్పేసింది.

బేస్‌ని కావాలని కోరుకున్నవాళ్ళు ఆ రోజుల్లో అరుదు. 1961లో హాంబర్గ్‌లో స్టువర్ట్ సట్‌క్లిఫ్ బొమ్మలు వేసుకుంటానని బీటిల్స్‌ని వదిలేస్తే, ఖాళీ అయిన బేస్ పాల్ మెకార్ట్నీ నెత్తిన పడింది. సుమారు 30 పౌన్లకు హాఫ్నర్ కంపెనీ బేస్ కొన్నాడు. దాని వయొలిన్ ఆకారం రెండు వైపులా ఒకేలా ఉంటుంది గనక ఎడమచేతివాడు తిరగేసి పట్టుకున్నా వికారంగా ఉండదు. 1972లో దొంగలెత్తుకుపోయిన ఆ బేస్ ఇంగ్లండులో ఓ ఇంటి అటక మీద దొరికి, 2024లో ఆయన కచేరీలో మళ్ళీ మోగింది. ఇక లెమ్మీ సంగతి: 1971లో హాక్‌విండ్ అనే రాక్ బృందంలో గిటార్ వాయిద్దామని వస్తే, రాని బేసిస్టు తన వాద్యాన్ని వ్యానులో వదిలేసి ఉన్నాడు. చచ్చేదాకా లెమ్మీ బేస్‌ని గిటార్‌లాగే బాదాడు.

ఇక్కడినుంచి కథ నాలుగు దారులు పట్టిపోతుంది. 1965లో ఫెండర్ కంపెనీని 1.3 కోట్ల డాలర్లకు సీబీఎస్ కొంది. నాణ్యత పోయిందని వాయించేవాళ్ళు గొణిగారు, అంతకుముందు తయారైనవాటికి గిరాకీ పెరిగింది. తర్వాత, ఆ తిట్లు తిన్న 1970ల సరుకు కూడా వింటేజ్ అయి కూర్చుంది! రష్ బృందపు గెడ్డీ లీ తన 1972 ఫెండర్ జాజ్ బేస్‌ని అమెరికాలోని కలమజూలో తాకట్టు కొట్లో 200 డాలర్లకు కొన్నాడు. మన దగ్గర 1991 దాకా దిగుమతి సుంకాల దెబ్బకి ఫెండర్ చూడటమే గగనం. అయినా మద్రాసులో రికార్డయిన ఇళయరాజా తెలుగు పాటల్లో బేస్‌ని వేరే గాయకుడిలా విన్న తరం మాది.

ఒకే ఏడాది నాటి గిటార్, బేస్ పక్కపక్కన పెడితే సాధారణంగా బేసే చవక. మా మేనల్లుడి లాంటివాళ్ళ బేరం కుదిరేది అందుకే. కుదిరే ముందు మరలు విప్పి మెడ ఊడదీయాలి. పాత ఫెండర్లలో చాలావాటికి దాని మొదట్లో పెన్సిలుతో రాసిన తేదీయో, ముద్రో ఉంటుంది. లోపల వాల్యూం గుండీ వెనక అంకెలుంటాయి. 304 తో మొదలై 6218 అని ఉంటే ఆ గుండీ 1962లో పద్దెనిమిదో వారంలో తయారైందన్నమాట. 1990ల నుంచి ఫెండర్ వాళ్ళే కొత్త వాద్యాలను గీకి, రంగు ఊడగొట్టి, ఎక్కువ ధరకు అమ్ముతున్నారు కాబట్టి పైనున్న గీతల్ని నమ్మడానికి లేదు. బ్రెజిల్ రోజ్‌వుడ్ పలక ఉన్న పాతవాటిని దేశం దాటించాలంటే 1992 నుంచి అంతర్జాతీయ అనుమతి కాగితాలు కావాలి.

మోటౌన్ పాటలకు ప్రాణం పోసిన జేమ్స్ జేమర్సన్ 1962 ప్రెసిషన్‌ని, 1983లో ఆయన చనిపోవడానికి కొద్దిరోజుల ముందు ఎవరో ఎత్తుకుపోయారు. ఇంతవరకూ దొరకలేదు. మెడ మొదట్లో 'ఫంక్' అని చెక్కుకున్నాడని చెబుతారు. గిటార్ ఇచ్చి పాత బేస్ పుచ్చుకునేవాళ్ళు తేదీతో పాటు ఆ నాలుగక్షరాల ఇంగ్లీషు మాట కోసం కూడా ఓసారి చూస్తే మంచిది.