కంకర కొండ మీద తొలి పరుగు

కారు ముక్కలుగా వచ్చింది. కొన్నాయన పేరు లెస్ మెక్‌లారెన్. ఊరు న్యూజిలాండ్‌లోని ఆక్లండ్. అక్కడి రెమ్యూయెరా ప్రాంతంలో ఆయనకో పెట్రోలు బంకు, దాంతోపాటు ఒక వర్క్‌షాపు ఉన్నాయి. ఊడదీసి పడేసిన ఆ పాత రేసు కారుకు ఆయన పోసిన సొమ్ము 110 పౌండ్లు. బిగించి, నడిచేలా చేసి, నాలుగు డబ్బులు మిగిలేలా అమ్మేద్దామన్నది ఆయన ఆలోచన.

కొడుకు బ్రూస్ అడ్డం పడ్డాడు. అమ్మడానికి వీల్లేదని పట్టుబట్టాడు. అప్పటికి వాడింకా డ్రైవింగ్ లైసెన్సుకు అర్హత లేని పిల్లాడు. తండ్రి చివరికి మెత్తబడ్డాడు. కారు ఇంట్లోనే ఉండిపోయింది. ఆ ఇంటిపేరు ఇవాళ ఫార్ములా వన్ చూసేవాళ్లందరికీ తెలుసు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ పందెం జరిగినప్పుడు మెక్‌లారెన్ పేరున్న కార్లను మనవాళ్లు కళ్లారా చూశారు. ఆ పేరు పందేల్లోకి ఎక్కిన దారి మాత్రం ఆ రోజు అమ్మకుండా ఉంచేసిన ఇనుప సామానులోంచే మొదలైంది.

మంచానికి కట్టేసిన బాల్యం

బ్రూస్ 1937 ఆగస్టు 30న పుట్టాడు. తండ్రి లెస్ మోటార్‌సైకిల్ పందేల పిచ్చి ఉన్న మనిషి. దెబ్బ తగిలి అది మానేశాక, క్లబ్బు స్థాయిలో కార్లు నడిపేవాడు. పిల్లాడు వర్క్‌షాపులో గ్రీజు వాసన మధ్యే పెరిగాడు.

తొమ్మిదో ఏట తుంటిలో నొప్పి మొదలైంది. పెర్తెస్ వ్యాధి అని డాక్టర్లు తేల్చారు. తొడ ఎముక పైనుండే గుండ్రటి భాగానికి రక్తం అందక, అది మెత్తబడి, ఆకారం చెడిపోయే జబ్బు అది. ఎముక తిరిగి గట్టిపడేదాకా దాని మీద బరువు పడకూడదు. అప్పట్లో తెలిసిన వైద్యం ఒకటే. పిల్లాణ్ణి కదలనివ్వకుండా పడుకోబెట్టడం. బ్రూస్‌ను టకపూనాలోని విల్సన్ హోమ్ అనే పిల్లల చికిత్సా కేంద్రంలో చేర్చారు. పరుగెత్తాల్సిన వయసులో సుమారు రెండేళ్లు మంచం మీదే గడిచిపోయాయి.

లేచి నడిచేసరికి ఎడమ కాలు కుడి కాలి కన్నా పొట్టిగా మిగిలింది. నడకలో కుంటు జీవితాంతం పోలేదు. రగ్బీ అంటే ప్రాణమిచ్చే దేశంలో ఆ పిల్లాడికి మైదానం దూరమైంది. వర్క్‌షాపు దూరం కాలేదు. తర్వాత సెడన్ మెమోరియల్ టెక్నికల్ కాలేజీలో చేరి ఇంజినీరింగ్ చదివాడు.

ఆ చిన్న కారు పెద్ద చరిత్ర

కారు పేరు ఆస్టిన్ సెవెన్ ఉల్‌స్టర్. 1922లో ఇంగ్లండ్‌లో హెర్బర్ట్ ఆస్టిన్ సామాన్య సంసారుల కోసం ఆస్టిన్ సెవెన్‌ను తెచ్చాడు. దాని నమూనా గీయడంలో ఆయనకు తోడుగా నిలిచిన స్టాన్లీ ఎడ్జ్ అప్పటికి పద్దెనిమిదేళ్ల కుర్రాడు. ఇంజను 747 సి.సి. మాత్రమే. కానీ 1929లో ఉత్తర ఐర్లండ్‌లోని ఆర్డ్స్ సర్క్యూట్‌లో జరిగిన ఉల్‌స్టర్ టూరిస్ట్ ట్రోఫీ (టీటీ) పందెంలో, 7 లీటర్ల మెర్సిడెస్‌తో జర్మన్ డ్రైవర్ కరాచియోలా గెలిచిన చోట, సూపర్‌చార్జర్ తగిలించిన ఈ బుల్లి కారుతో ఆర్చీ ఫ్రేజర్ నాష్ మూడో స్థానంలో నిలిచాడు. ఆ ఘనత పేరు మీదే కంపెనీ పందెపు రకానికి ఉల్‌స్టర్ అని పేరు పెట్టింది. ఎత్తు తగ్గించిన బాడీ, కోసుగా ముగిసే తోక, నూనెను పంపుతో ఒత్తిడి పెట్టి బేరింగులకు పంపే ఏర్పాటు దాని ప్రత్యేకతలు.

పేదవాడి రేసు కారుగా ఆస్టిన్ సెవెన్‌కు మించింది ఆ రోజుల్లో లేదు. చౌకగా దొరికేది. తెలిసిన చెయ్యి ఉంటే ఏ భాగమైనా ఇంటి షెడ్డులోనే విప్పి బిగించుకోవచ్చు. లోటస్ కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్ కూడా ఇంగ్లండ్‌లో తన మొదటి కారును ఆస్టిన్ సెవెన్ మీదే కట్టుకున్నాడు.

షెడ్డులో చదువు

తండ్రీకొడుకులకు ఆ కారును నిలబెట్టడానికి నెలల తరబడి పట్టింది. ఆ పని ఎలాంటిదో దగ్గరగా చూస్తేనే ఆ కుర్రాడు నేర్చుకున్నదేమిటో అర్థమవుతుంది.

ఇది సైడ్ వాల్వ్ ఇంజను. వాల్వులు పైన హెడ్డులో ఉండవు, పక్కన బ్లాకులోనే ఉంటాయి. హెడ్డు ఎత్తితే పిస్టన్లూ వాల్వులూ కళ్లెదుటే. ఏళ్ల మసి పేరుకున్న వాల్వును బయటికి తీసి, గీకి, అంచుకు గ్రైండింగ్ పేస్టు రాసి, మళ్లీ దాని సీటులో కూర్చోబెడతారు. ఒక కర్ర చివర రబ్బరు కప్పుతో వాల్వును పట్టుకుని, రెండు అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు తిప్పుతారు. కాసేపటికి గరగర చప్పుడు నున్నగా మారుతుంది. తీసి తుడిచి చూస్తే వాల్వు చుట్టూ ఎక్కడా తెగని బూడిదరంగు గీత కనబడాలి. గీత ఒక్కచోట తెగిందంటే అక్కడ గాలి కారుతుంది, గాలి కారితే బలం పోతుంది. 747 సి.సి. ఇంజనులో పోగొట్టుకోవడానికి మిగులు బలం ఉండదు. ఒకటి పూర్తయితే ఇంకోటి. అలా ఎనిమిది వాల్వులు.

ఆ తర్వాత బ్రేకులు. ఇప్పటి కార్లలో లాగా నూనె ఒత్తిడితో పనిచేసేవి కావు. పెడల్ నుంచి చక్రాల దాకా ఇనుప తీగలే. తీగ సాగుతుంది. ఒక చక్రానికి బిగువు ఎక్కువైతే కారు ఆ పక్కకు లాగుతుంది. అన్నిటికీ సమానంగా పట్టు కుదిరేదాకా చక్రం ఎత్తి తిప్పడం, నట్టు ఓ పిసరు తిప్పడం, మళ్లీ చూడడం. ఈ పనికి ఓపిక తప్ప దగ్గరిదారి లేదు.

క్రాంక్‌షాఫ్టు సంగతి మరీ సున్నితం. నాలుగు సిలిండర్ల భారం మోసే ఆ కడ్డీకి ముందొక బేరింగు, వెనకొక బేరింగు, అంతే. నడుమ ఆధారం లేదు. ఇంజను వేగం హద్దు మీరితే నడుమ భాగం వంగి ఊగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది కూడా. బిగించినవాడికి ఈ సంగతి చేతుల్లో ఉంటుంది. నడిపేటప్పుడు మీటరు చూడకపోయినా చప్పుడు మారగానే కాలు దానంతటదే తేలికపడుతుంది.

కారు సిద్ధమైంది. రోడ్డెక్కడానికి వయసు చాలలేదు. ఇంటి పెరట్లోనే పళ్లచెట్ల మధ్య ఎనిమిది అంకె ఆకారంలో దారి చేసుకుని బ్రూస్ అక్కడే తిప్పడం మొదలుపెట్టాడు. స్టీరింగ్ తిప్పగానే కారు వెనక భాగం ఎలా స్పందిస్తుందో, చక్రం ఎప్పుడు పట్టు వదులుతుందో అక్కడే ఒంటబట్టింది.

మురివై కొండ కింద

న్యూజిలాండ్‌లో అప్పట్లో పదిహేనేళ్లకే లైసెన్సు ఇచ్చేవారు. లైసెన్సు చేతికొచ్చిన కొత్తల్లోనే, 1952లో, బ్రూస్ తన తొలి పోటీకి వెళ్లాడు. అది మురివై హిల్‌క్లైంబ్.

ఆక్లండ్‌కు వాయవ్యంగా, సుమారు 40 కిలోమీటర్ల దూరంలో మురివై తీరం. అగ్నిపర్వతాల నుంచి వచ్చిన ఇనుము కలిసి అక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. తడిస్తే గట్టిపడే ఆ ఇసుక మీద 1920ల నుంచే కార్ల పందేలు జరిగాయి. తీరం పక్కన కొండ. దాని మీదికి కంకర రోడ్డు.

అది ఒక క్లబ్బు మీట్. అంటే ప్రైజు మనీ కోసం వచ్చే పోటీ కాదు. వారమంతా ఏదో ఒక పని చేసుకునేవాళ్లు సెలవు రోజున చేరతారు. టైము రాసేవాళ్లు, జెండా ఊపేవాళ్లు అంతా వాళ్లలో వాళ్లే. హిల్‌క్లైంబ్‌లో కార్లన్నీ ఒకేసారి బయల్దేరవు. ఒక్కొక్కటే వెళ్తుంది. కింద గీత నుంచి పైన గీత దాకా పట్టిన సమయమే లెక్క. పక్కన దాటాల్సిన బండి ఉండదు. తప్పు జరిగితే సాకు చెప్పుకోవడానికి ఇంకొకడు ఉండడు. కొండ, కారు, మనిషి.

ఆస్టిన్ సెవెన్ క్లచ్ పేరుమోసినది. పెడల్ కదిలేది కాస్తంతే. ఆ కాస్తలోనే పట్టూ విడుపూ రెండూ. ఎక్కువ వదిలితే ఇంజను ఆగిపోతుంది లేదా చక్రం కంకరలో తిరుగుతూ అక్కడే గుంట తవ్వుతుంది. తక్కువ వదిలితే గడియారం పరుగెడుతుంది, కారు నిలబడి ఉంటుంది. ఆ క్లచ్ తొక్కాల్సింది ఎడమ కాలితో. బ్రూస్ ఎడమ కాలు, మంచానికి రెండేళ్లు అంకితమై పొట్టిగా మిగిలిన కాలు.

గీత దాటాక కొండ ఎదురొస్తుంది. ఉల్‌స్టర్‌కు కంపెనీ ఇచ్చినవి మూడే గేర్లు. గేరు సులువుగా పడేలా చేసే సింక్రోమెష్ లేదు. మన పాత లారీ డ్రైవర్లకు బాగా తెలిసిన డబుల్ క్లచ్ కొట్టి గేరు దించాలి. ఏటవాలులో గేరు పడడం ఆలస్యమైతే వేగం చచ్చిపోతుంది. చచ్చిన వేగాన్ని ఆ చిన్న ఇంజను మళ్లీ పుంజుకోలేదు. మలుపులో బాడీ ఓ పక్కకు ఒరిగితే, వెనక స్ప్రింగుల అమరిక వల్ల వెనక యాక్సిలే కాస్త తిరుగుతుంది. అంటే డ్రైవరు తిప్పినదానికి తోడు కారు తనంతట తను కొంత తిరుగుతుంది. కంకర మీద అది ఇంకా ఎక్కువ. స్టీరింగ్ గట్టిగా పట్టి పోరాడితే కారు రోడ్డు దిగుతుంది. కాస్త వదులిచ్చి దాని తీరు తెలుసుకుని నడిపితే పైకి చేరుతుంది. పెరట్లో చెట్ల మధ్య తిరిగిన తిరుగుళ్లన్నీ ఇక్కడే అక్కరకొచ్చాయి.

ఆ రోజు అదే కొండ మీద మరో ఆస్టిన్ సెవెన్‌తో పోటీపడిన కుర్రాడు ఫిల్ కెర్. సమయాలు లెక్క తేలాక 750 సి.సి. తరగతిలో మొదటి స్థానం బ్రూస్ మెక్‌లారెన్‌ది. ఓడిన కెర్ శత్రువు కాలేదు. జీవితకాల స్నేహితుడయ్యాడు. తర్వాత ఇంగ్లండ్‌లో మెక్‌లారెన్ సంస్థ నిర్వహణ బాధ్యతలు మోసినవాళ్లలో ఆయన ఒకరు.

చేతులకు తెలిసినది

తర్వాత కథ వేగంగా సాగింది. 1958లో న్యూజిలాండ్ గ్రాండ్ ప్రి నిర్వాహకులు ప్రతిభ గల కుర్రాడిని యూరప్ పంపే పథకం పెట్టి, మొదటగా బ్రూస్‌ను ఎంచుకున్నారు. 1959 డిసెంబరు 12న అమెరికాలోని సెబ్రింగ్‌లో, ఇరవై రెండేళ్ల వయసులో, ఆయన గ్రాండ్ ప్రి గెలిచాడు. 1963లో సొంత సంస్థ పెట్టాడు. 1966లో క్రిస్ ఏమన్‌తో కలిసి లే మాన్స్ 24 గంటల పందెం గెలిచాడు. 1968లో బెల్జియం గ్రాండ్ ప్రిని తన పేరున్న కారుతోనే గెలిచాడు. 1969 కాన్-ఆమ్ (కెనడా-అమెరికా) స్పోర్ట్స్ కార్ల సిరీస్‌లో పదకొండు పందేలుంటే పదకొండూ ఆయనా, సహచరుడు డెనీ హల్మూ పంచుకున్నారు. 1970 జూన్ 2న ఇంగ్లండ్‌లోని గుడ్‌వుడ్‌లో కొత్త కారును పరీక్షిస్తుండగా వెనక బాడీ ఊడిపోయి, ప్రమాదంలో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 32.

చివరి రోజు కూడా ఆయన చేసింది షెడ్డులో మొదలుపెట్టిన పనే. తయారుచేసిన కారును తనే నడిపి, లోపం ఎక్కడుందో తెలుసుకోవడం. ఆయన కన్నా వేగంగా నడిపినవాళ్లు ఆ తరంలోనే ఉన్నారు. కారు ఏం చెబుతోందో విని, దాన్ని రెంచి పట్టుకున్నవాడి భాషలో చెప్పగలిగినవాళ్లు అరుదు. ఆ విద్య ఏ పెద్ద జట్టూ నేర్పలేదు. ముక్కలుగా వచ్చిన కారూ, తోడు నిలిచిన తండ్రీ, పదిహేనేళ్లవాణ్ణి కూడా గీత దగ్గరికి రానిచ్చిన ఒక క్లబ్బూ నేర్పాయి.

మన దగ్గర ఆ చేతులకు కొదవ లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పే కుర్రాళ్లున్నారు. బాజా ఎస్.ఏ.ఈ. ఇండియా పోటీలకు సొంతంగా బండి కట్టుకుని వెళ్లే మన ఇంజినీరింగ్ విద్యార్థులున్నారు. వాళ్లకు లేనిదల్లా భద్రంగా, తక్కువ ఖర్చుతో, అధికారికంగా నడుపుకోవడానికి ఊరికి దగ్గరలో ఒక చోటు. అది లేకనే ఆ ఉత్సాహం రాత్రిపూట హైవేల మీదికి ఎక్కి, ప్రాణాలు తీస్తోంది. కాలేజీలూ, మోటార్ క్లబ్బులూ, ప్రభుత్వాలూ కలిసి నెలకొక్క ఆదివారమైనా వాళ్లకొక మూసిన దారి, ఒక గడియారం, అనుభవమున్న పెద్దల పర్యవేక్షణ సమకూర్చాలి. బిగించిన పిల్లాడికే నడిపే అవకాశం కూడా ఇవ్వాలి. గొప్ప ఇంజినీర్లు అలాగే తయారవుతారు.