హెచ్చరిక అందిన తరువాత

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది చనిపోయారు. 1990 మే 9న దాదాపు అంతటి తుపానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. మృతులు వెయ్యికి లోపే. ముందుగా హెచ్చరించి లక్షల మందిని తరలించడమే అందుకు ముఖ్య కారణం. 2004 డిసెంబరు 26న మన ప్రకాశం తీరాన్ని తాకిన సునామీకి ముందస్తు హెచ్చరిక లేదు. 2007 నుంచి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ ఆ పని చూస్తోంది.

ఇంజినీరుగా నేను గ్రహించింది ఒకటే. హెచ్చరిక హైదరాబాదు నుంచి వస్తుంది. పాకల తీరంలోని ముసలమ్మను చెయ్యిపట్టి తీసుకురావలసింది ఊరివాళ్ళే. తుపానుకు జనం చేరేది బడికే. తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయి, తాగునీరు ఎక్కడుంది, నడవలేనివారు ఏ వీధిలో ఉన్నారు? ఈ జాబితా స్వర్ణోత్సవ కానుకగా మన సంఘమే రాసిపెట్టి, ఏటా తుపాన్ల కాలానికి ముందు సరిచూడాలని నా మనవి.