ఆగుట నేర్చిన గాలిమర

నూతిలోని నీరు పైకి రావలెనంటే బలము కావలెను. ఇది చిన్న పిల్లలకు కూడ తెలిసినదే. ఆ బలమును ఎంత మేరకు వాడవలెనో, ఎప్పుడు ఆపవలెనో చూచే ఏర్పాటు కూడ ఒకటి కావలెనన్న సంగతి మాత్రము మనకు వెంటనే తోచదు. మోటలు, ఏతాములు నడచినంతకాలము ఆ పని మనిషే చేసినాడు. తొట్టి నిండగానే మోట తోలేవాడు ఎద్దులను విప్పివేసేవాడు. విద్యుత్తు తీగలు వచ్చిన తరువాత మీట నొక్కితే చాలునన్న అలవాటు పడినది. కాని తీగలు చేరని ఇండ్లలో గాలినో, ఎండనో నమ్ముకొని నూతి పంపు నడుపుకొనేవారికి బలము దొరుకుట కంటె దానిని అదుపులో పెట్టుటే కష్టమైన పని. ఈ సమస్యకు పేరెన్నికగన్న సమాధానమొకటి 1854లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రములో పుట్టినది.

గాలి వేగము రెట్టింపైతే దానిలోని శక్తి రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు అవుతుంది. పిల్లగాలికి తిరుగుటకు తగినట్లు కట్టిన మరను తుఫాను విరిచివేస్తుంది. తుఫానుకు తట్టుకొనేటట్లు కట్టిన మర పిల్లగాలికి కదలదు. ఐరోపాలో పిండిమరలను నడిపేవాడు పక్కనే ఉండి రెక్కల గుడ్డలను చుట్టుచూ, విప్పుచూ ఉండేవాడు. అక్కడ స్వయంగా సర్దుకొనే ఏర్పాట్లు లేకపోలేదు కాని, అవి పెద్ద మరలకు అమర్చినవి. ఊరికి దూరముగా, పశువుల తొట్టి పక్కన ఒంటరిగా నిలిచే చిన్న మరకు కాపలా ఎవరు ఉంటారు?

పంపుల వ్యాపారము చేసే జాన్ బర్నహామ్ ఈ చిక్కునే డేనియల్ హాలడే అనే యంత్రపు పనివాని ముందు పెట్టినాడు. గాలి హెచ్చినప్పుడు తనంతట తాను నెమ్మదించే మర ఉంటే కొనేవారు ఉంటారని ఆయన నమ్మకము. హాలడే తన మర రెక్కలను గట్టిగా బిగించలేదు. ప్రతి రెక్క తన ఇరుసు మీద కొంత మెలిదిరిగేటట్లు అమర్చినాడు. చక్రము వేగము హెచ్చితే అపకేంద్ర బలము వలన బరువులు బయటకు జరుగును, ఆ కదలికతో రెక్కలు అంచులను గాలికి తిప్పుకొనును, చక్రము నెమ్మదించును. గాలి తగ్గితే మరల యథాస్థితి. తరువాతి మరలలో రెక్కలను గుంపులుగా కట్టి, పెనుగాలిలో గొడుగు ముడుచుకొన్నట్లు ముడుచుకొనేటట్లు చేసినారు. కర్మాగారము 1863లో ఇల్లినాయ్ రాష్ట్రములోని బటేవియాకు మారినది. పడమటి మైదానములలో సాగుతున్న రైలుమార్గముల వారు ఆవిరి ఇంజనులకు నీరు తోడుటకు ఈ మరలను పెద్ద ఎత్తున కొన్నారు.

1867లో లెనర్డ్ వీలర్ అనే మతబోధకుడు విస్కాన్సిన్‌లో ఇంకొక ఉపాయము చేసినాడు. ఆయన రెక్కలను కదిలించలేదు. చక్రము పక్కగా ఒక పలకను నిలిపినాడు. గాలి హెచ్చితే పలక మీది ఒత్తిడి వలన చక్రమంతా పక్కకు తిరిగిపోతుంది. గాలి తగ్గగానే ఒక బరువు దానిని తిరిగి ఎదురుకు లాగుతుంది. కదిలే భాగములు తక్కువ; అరిగేవీ తక్కువే. నాకు హాలడే మరకంటె ఇదే తెలివైనదిగా తోచును.

ఈ మరలకు నీటితొట్టితో కూడ సంబంధము కల్పించినారు. తొట్టిలో తేలుబంతి ఒకటి. దాని నుండి మర వరకు తీగ. నీరు నిండగానే బంతి లేచి, తీగ లాగి, చక్రమును గాలి నుండి తప్పిస్తుంది. గాలిని దాచలేము, దాని పనిని నీటి రూపములో దాచగలము.

దీని విలువ తెలియుటకు ఒక చిన్న లెక్క. 1,000 లీటర్ల నీటిని 30 మీటర్ల లోతునుండి ఎత్తవలెనంటే 1,000 × 9.8 × 30 = 2,94,000 జౌళ్ల పని చేయవలెను. విద్యుత్తు లెక్కలో ఇది సుమారు 82 వాట్-గంటలు. పంపు, మోటారు కలిసి 40 శాతము దక్షతతో పనిచేస్తే సుమారు 205 వాట్-గంటలు, అనగా యూనిట్టులో అయిదవ వంతు కావలెను. అదే పని రాత్రి చేయవలెనంటే, పగటి విద్యుత్తును ముందు బ్యాటరీలో నింపి, మరల తీయవలెను. నింపునప్పుడు కొంత, తీయునప్పుడు కొంత నష్టము. బ్యాటరీకి అరుగుదల వేరు. మిట్టమధ్యాహ్నమే నీటిని ఎత్తుమీది తొట్టికి ఎక్కిస్తే ఆ నష్టము చాలవరకు తప్పుతుంది.

హాలడే మర ఆగుట నేర్చినది కాని, మొదలగుట అంత బాగా నేర్వలేదు. పంపు కడ్డీని నిలిచిన స్థితినుండి కదిలించుటకే ఎక్కువ బలము కావలెను. థామస్ పెర్రీ 1882–83లో 5,000కు పైగా పరీక్షలు చేసి, వంపు తిరిగిన ఉక్కు రెక్కలు మేలని తేల్చినాడు. పంటిచక్రములు అమర్చి, చక్రము మూడు చుట్లు తిరిగినప్పుడు కడ్డీ ఒకసారి లేచేటట్లు చేసినాడు. చిన్న గాలికి చిన్న పని, మర ఆగదు. 1888లో ఏర్‌మోటర్ అనే పేరుతో ఇది అంగడికి వచ్చినప్పుడు పోటీదారులు దీనిని 'గణితశాస్త్రపు గాలిమర' అని ఎగతాళి చేసినారు. మొదటి ఏడు అమ్ముడుపోయినవి 45 మాత్రమే. కొద్ది ఏండ్లలోనే మైదానములన్నీ వీటితో నిండినవి.

1936లో అమెరికాలో గ్రామీణ విద్యుదీకరణ చట్టము వచ్చిన తరువాత పొలములకు తీగలు చేరినవి. అప్పుడు పంపుకు ఒత్తిడి మీట పెట్టినారు: కుళాయి తిప్పి గొట్టములో ఒత్తిడి తగ్గితే మోటారు తిరుగును. తీగ వెంట ఎంత కావలెనంటే అంత వస్తున్నప్పుడు ఇది సుఖమే. తీగలేని ఇంటికి ఇదే భారమైనది. ఇండక్షన్ మోటారు మొదలగునప్పుడు మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. ఆ ఒక్క క్షణము కొరకు ఇన్వర్టరును ఎంతో పెద్దదిగా కొనవలెను. పెర్రీ ఎదుర్కొన్న చిక్కే మరొక వేషములో వచ్చినదన్నమాట. నేటి నియంత్రకములు విద్యుత్తు పౌనఃపున్యమును సున్న దగ్గరనుండి మెల్లగా పెంచి మోటారును లేపుతాయి. పంటిచక్రముల పని ఎలక్ట్రానిక్ పరికరము చేస్తుంది.

సౌరఫలకములు నూతుల వద్దకు 1970లలో వచ్చినవి. కరవు పీడించిన పశ్చిమ ఆఫ్రికాలో, మాలి దేశములోని నబాసో గ్రామమున 1977లో ఒక సౌరపంపు నిలిపినారు. ఎండ హెచ్చితే నీరు హెచ్చు, తగ్గితే తగ్గు అనే పద్ధతి విన సొంపుగా ఉంటుంది. కాని అపకేంద్ర పంపులో ఒక చిక్కు ఉన్నది. అది ఎత్తగల ఎత్తు వేగము యొక్క వర్గమును అనుసరిస్తుంది. పూర్తి వేగమున 50 మీటర్లు ఎత్తగల పంపు, వేగము అయిదింట నాలుగు వంతులకు పడితే 32 మీటర్లే ఎత్తగలదు. నీరు 35 మీటర్ల లోతున ఉంటే? మోటారు తిరుగుతూనే ఉండును, చుక్క రాదు. అట్టిచోట మెలిక రోటరు పంపు మేలు. వేగము తగ్గితే నీరు తగ్గుతుంది గాని, అది చేరే ఎత్తు అంతగా తగ్గదు.

మన రాయలసీమలో, తెలంగాణలో బోర్లు ఇంతకంటె చాల లోతు. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని రోజులలో రైతులు మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకొన్నారు. కరెంటు రాగానే, పొలములో మనిషి ఉన్నా లేకున్నా, మోటారు తిరిగేది. మొదలుపెట్టే ఏర్పాటు ఉన్నది, ఆపే ఏర్పాటు లేదు. 2019లో కేంద్ర ప్రభుత్వము కుసుమ్ పథకమునకు ఆమోదము తెలిపిన తరువాత సౌరపంపులు విస్తరించినవి. ఎండకు బిల్లు లేదు కాబట్టి ఆపవలెనన్న తొందర రైతుకు ఇంకను తక్కువ.

గాలిమర కాలములో తేలుబంతి పై తొట్టిని ఒక్కదానినే చూచుకొన్నది. ఆ మర రోజంతా కొట్టినా తోడే నీరు కొద్దిపాటిది. నూయి దానిని తట్టుకొన్నది. సబ్‌మెర్సిబుల్ పంపు బోరు ఊరే దానికంటె వేగముగా తోడివేయగలదు. అందుచేత బోరులోనికి కూడ ఒక తీగ దింపుతున్నారు. నీటిమట్టము దాని కొన కంటె క్రిందికి పోతే నియంత్రకము మోటారును ఆపి, నీరు మరల ఊరిన తరువాతనే తిరుగనిస్తుంది.