నేల మీంచి గట్టు మీదికి

గ్యాసు కనెక్షను ఇచ్చేటప్పుడు ఏజెన్సీ మనిషి అప్పగించే జాగ్రత్తల్లో ఒకటుంది: స్టవ్వు ఎప్పుడూ సిలిండరు కన్నా ఎత్తులో ఉండాలి. 14.2 కిలోల గ్యాసు పట్టే ఆ ఎర్ర బండను నిలబెడితే రెండడుగులు దాటుతుంది. దానికన్నా ఎత్తున స్టవ్వు పెట్టాలంటే నేల మీద కుదిరే పని కాదు. బల్లన్నా వేయాలి, గట్టన్నా కట్టాలి. తరతరాలుగా పీట మీద కూర్చుని వండిన తెలుగింటి ఇల్లాలు లేచి నిలబడటానికి పట్నం కాపురాలు కొంత కారణం, చూసి నేర్చుకున్న నాగరికత కొంత కారణం. కానీ ఆ మార్పును ఊరూరా, ఇంటింటికీ చేర్చింది మాత్రం ఈ జాగ్రత్త మాటే అంటే పెద్ద తప్పు కాదు.

ఆవిడ లేచి నిలబడగానే వంటింట్లో ప్రతి వస్తువుకూ చోటు మారిపోయింది.

పాత వంటింట్లోకి ఇప్పటివాళ్లు తొంగి చూస్తే అలమర కనబడదు, బల్ల కనబడదు, సగం సామాను నేల మీదే. అయినా దాని లెక్క దానికుంది. ఆ లెక్క పీట దగ్గర మొదలవుతుంది. ఆగ్నేయ మూల గది, తూర్పు ముఖంగా కూర్చునేలా మట్టితో మెత్తిన పొయ్యి. పెద్ద కంతలో మంట పక్కనున్న చిన్న కంతలోకి పాకేది. ఇక్కడ అన్నం ఉడుకుతుంటే అక్కడ పప్పు మెత్తబడేది. ఒక చేతి పక్కన పుల్లలూ పిడకలూ ఊదుగొట్టం, రెండో చేతి పక్కన నీళ్ల బిందె. కూర్చుంటే అందే ఎత్తులో గోడకు గూడు. అందులో ఉప్పు జాడీ, పోపుల పెట్టె, అగ్గిపెట్టె. పీట మీంచి లేవకుండా పప్పు దించి, చారు పెట్టి, పోపు వేయడం అయిపోవాలి. లేస్తే మోకాళ్ల నొప్పి. అటు తిరిగేలోపు పోపు మాడుతుంది.

కత్తిపీటను చూస్తే ఈ లెక్క ఇంకా బాగా తెలుస్తుంది. మామూలు చాకుతో తరిగేటప్పుడు కూరగాయ కదలదు, కత్తి కదులుతుంది. కత్తిపీట దీనికి తిరగమరగ. పీటను కాలితో తొక్కిపడితే నిలువు కత్తి కదలకుండా ఉంటుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. వంకాయను రెండు చేతులా పట్టి కత్తికేసి నెడితే ముక్క తెగి నేరుగా కిందున్న ఉప్పు నీళ్ల గిన్నెలో పడుతుంది. మధ్యలో పలకా లేదు, ముక్కలు ఎత్తిపోసే పనీ లేదు, వంకాయ నల్లబడే వ్యవధి అసలే లేదు. అయితే ఈ సదుపాయమంతా కూర్చున్న మనిషికే.

చేతికి అందనక్కర్లేనివి పైకి పోయేవి. పాలు, పెరుగు, వెన్న ఉట్టి మీద. పిల్లికీ చీమకూ అందకుండా, గాలి తగిలేలా. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందన్న సామెత పుట్టింది ఇలాంటి ఇళ్లలోనే. పండగకో పెళ్లికో తీసే గంగాళాలు అటకెక్కేవి. పొయ్యికి సరిగ్గా పైన దూలానికి విత్తనపు కంకులు వేలాడేవి. ఆ పొగకు పురుగు పట్టదు. రోలు, తిరగలి వసారాలో. పాలు ఎర్రగా కాగి మీగడ కట్టే దాలి పెరట్లో. కందిపప్పుకు ఆముదం రాయడం, బియ్యంలో వేపాకు వేయడం, ఆవకాయ జాడీకి వాసెన కట్టడం ఎండాకాలపు పనులు. రోజూ చేతికి కావలసినవి మూరెడు దూరంలో, ఏడాదికి ఒకటి రెండుసార్లు కావలసినవి ఇల్లంతా. ఈ రోజుల్లో ఇంటీరియర్ డిజైనర్లు ఫీజు తీసుకుని చెప్పే సూత్రం కూడా సుమారుగా ఇదే.

అలాగని మరీ ముచ్చటపడితే అసలు సంగతి దాచినట్టవుతుంది. ఈ అమరిక కలిగినవాళ్లది. ఒంటిగది గుడిసెలో పొయ్యి ఒక మూల, పడక ఇంకో మూల. వాన లేకపోతే పొయ్యి వాకిట్లోకి వెళ్లేది. కలిగిన ఇంట్లోనూ నీళ్లు తోడేవాళ్లు, పిండి విసిరేవాళ్లు, వడ్లు దంచేవాళ్లు ఉంటేనే ఈ లెక్క సాగేది. వాళ్లలో చాలామందికి ఆ పీట దాకా వచ్చే అర్హత లేదు, మడి అడ్డం. ఇక పీట మీది మనిషి సంగతి చెప్పనక్కర్లేదు. 'వంటింటి కుందేలు' అన్న మాట ఊరికే పుట్టలేదు. కవయిత్రి విమల 'వంటిల్లు' అన్న పేరుతోనే కవిత రాశారు. అన్నిటికీ మించి పొగ. తడి కట్టె రాజేస్తే గది నిండా కమ్మి, గోడలకు మసై, కళ్లలోకి నీళ్లై దిగేది.

ఆ పొగ మీద మొదట కాగితమూ కొలబద్దా పట్టుకుని కూర్చున్నవాళ్లలో ఒకరు హైదరాబాదులోనే ఉన్నారు. హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్ డైరెక్టరు డాక్టర్ ఎస్.పి.రాజు. కోట్లాదిమందికి పొగ లేని వంటిళ్లు అన్న అర్థం వచ్చే పేరుతో ఆయన ఇంగ్లీషులో రాసిన చిన్న పుస్తకం 1953లో మద్రాసులో అచ్చయింది. ఆయన తయారు చేసింది మట్టి పొయ్యే. కాకపోతే మంట ఒకచోట పెడితే వేడిగాలి మూసిన దారి వెంట ఒక్కో గిన్నె కిందుగా పోయి, చివరికి పొగగొట్టంలోంచి ఇంటి కప్పు దాటుతుంది. ఆ ల్యాబ్ ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలతో దానికి 'హెర్ల్ చుల్హా' అన్న పేరు స్థిరపడింది. పొగ, మసి, వేడి, వృథా, అగ్నిప్రమాదం. ఈ ఐదింటి నుంచీ ఆడవాళ్లకు విముక్తి అని రాజు చెప్పుకున్నారు. అంతకు ముందు సంవత్సరమే, 1952 అక్టోబరు 2న, దేశంలో సమాజ వికాస పథకం మొదలైంది. గ్రామసేవికలు చెప్పే కొత్త సంగతుల్లో పొగ లేని పొయ్యి ఒకటైంది.

ఇంత మంచి పొయ్యి ఇంటింటా ఎందుకు నిలవలేదు? ఒక కారణం చిన్నది, ఇంజినీరు లెక్కలోకి రానిది. పొయ్యి కంతలు కొలత ప్రకారం కడతారు. గిన్నెలు కొలత ప్రకారం ఉండవు. చుట్టాలొస్తే డేగిశా ఎక్కాలి, అట్లు పోస్తే పెనం ఎక్కాలి. గిన్నెకూ కంతకూ మధ్య సందు మిగిలితే పొగ మళ్లీ గదిలోకే. కంత పెద్దది చేస్తే గాలి దారి చెడుతుంది. గొట్టంలో మసి పేరుకుంటే దులిపేదెవరు? పూరిల్లయితే కప్పులోంచి గొట్టం పోయిన చోట వాన కారుతుంది. పురుగును తోలే పొగ కూడా పోయె! 1980ల్లో కేంద్రం మెరుగైన పొయ్యిల కోసం జాతీయ కార్యక్రమం పెట్టి 2002 దాకా నడిపింది. ఆ తర్వాత ఒడిశా పల్లెల్లో ఆర్థికవేత్తలు రెమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్ నాలుగేళ్ల పాటు ఇలాంటి పొయ్యిలను గమనిస్తే తేలిందీ ఇదే. మొదటి ఏడాది ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. ఆ పైన బాగుచేయించక, వాడకం సన్నగిల్లి, ఆ మేలు కాస్తా ఆవిరైపోయింది.

రాజు మంట దగ్గర మొదలుపెడితే, అంతకు పాతికేళ్ల పైచిలుకు ముందే జర్మనీలో ఒకావిడ అడుగుల దగ్గర మొదలుపెట్టింది. ఆవిడ ఆస్ట్రియాకు చెందిన ఆర్కిటెక్టు మార్గరెటె షూటె-లిహోట్స్కీ. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇళ్ల కరువు. ఎర్నస్ట్ మై నాయకత్వంలో నగరం వేల ఇళ్లు కడుతుంటే వాటికి వంటగది గీసే పని ఆవిడకు వచ్చింది. 1926లో గీసిన ఆ గది సుమారు 6 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. స్టాప్‌వాచీ పట్టుకుని ఏ పనికి ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కగట్టారు. అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ ఫ్యాక్టరీ పద్ధతులను ఇంటిపనికి అన్వయిస్తూ రాసిన పుస్తకం ఆవిడకు దారి చూపింది. రైలు భోజనాల పెట్టెలోని ఇరుకు వంటగది నమూనా అయింది. పంచదార, బియ్యం, పప్పులకు పేర్లు అచ్చొత్తిన అల్యూమినియం సొరుగులు. సొరుగు లాగి ముందుకు వంచితే మూతి లోంచి నేరుగా గిన్నెలోకి. పిండి సొరుగు మాత్రం ఓక్ కర్రది, పురుగు చేరదని. ఈగలు వాలవన్న నమ్మకంతో అరలకు నీలం రంగు. అలాంటి వంటగదులు ఫ్రాంక్‌ఫర్ట్‌లో సుమారు 10,000 వెలిశాయి. ఇప్పుడు 'మాడ్యులర్' అంటున్న ప్రతి వంటగదికీ ముత్తవ్వ అదే.

విశేషమేమిటంటే, ఆ గది గీసేనాటికి తనకు వంట చేసిన అనుభవమే లేదని షూటె-లిహోట్స్కీ తర్వాత ఒప్పుకుంది. కాపురం చేసిన ఆడవాళ్లకు అది కొన్నాళ్లకే తెలిసొచ్చింది. ఇద్దరు నిలబడితే మసలడానికి చోటు లేదు. నాలుగు మాటలాడుతూ కూరలు తరుక్కునే బల్ల పోయింది.

మన దగ్గర గట్టు ముందుగా వచ్చింది బంగళాల్లో, సర్కారు క్వార్టర్లలో, ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లలో. గ్యాసు అప్పటికింకా గగనం. 1955లో బొంబాయిలో బర్మా షెల్ సిలిండర్ల అమ్మకం మొదలుపెట్టింది. 1965లో కలకత్తాలో ఇండేన్ తొలి కనెక్షను ఇచ్చింది. తర్వాత మూడు దశాబ్దాలు గ్యాసంటే దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురు చూడటం. ఎంపీ గారి కోటాలో కనెక్షను సంపాదించినవాళ్లు ఆ సంగతి బంధువుల్లో గొప్పగా చెప్పుకునేవారు. ఈలోగా పంపు స్టవ్వు, వత్తుల స్టవ్వు నేల మీదే నడిపించాయి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన దీపం పథకంతో పొదుపు సంఘాల ఆడవాళ్ల ఇళ్లకు బండలు చేరాయి. 2016లో కేంద్రం ఉజ్జ్వల పథకం వచ్చింది. కట్టెల పొయ్యి పూర్తిగా పోయిందా అంటే, చాలా పల్లెల్లో పెరట్లోకి జరిగిందంతే. టీ, పోపు గ్యాసు మీద. స్నానాల నీళ్లు, పెద్ద గిన్నెలో అన్నం కట్టెల మీద. గ్యాసు ఆదా అవుతుందంటారు.

గట్టుకు కావలసిన రాయికి తెలుగువాళ్లు పరాయి ఊరు వెళ్లనక్కర్లేకపోయింది. కడప నల్లరాయి, బేతంచెర్ల, తాండూరు నాపరాళ్లు. కడప బండ ఎంత దూరం పోయిందంటే, ముంబయి ఇళ్లలో వంటగట్టు రాయి పేరే 'కడప్పా'. అక్కడి గృహిణికి అదొక జిల్లా పేరని తెలియకపోవచ్చు. గట్టు కింద అదే రాయి అడ్డంగా పరిస్తే అరలు. ఆ అరల్లోకి చేరింది డాల్డా డబ్బా. 1937లో మార్కెట్లోకొచ్చిన ఆ వనస్పతి నెయ్యి గురించి ఎవరేమనుకున్నా, ఖజ్జూరపు చెట్టు బొమ్మ ఉన్న పసుపు డబ్బాను పారేసిన ఇల్లు లేదు. పంచదార, శనగపిండి, ఇడ్లీ రవ్వ, చివరికి తులసి మొక్క. మూత గట్టిది, ఖర్చు లేనిది. తర్వాత పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే బుట్టల అమ్మి వీధిలోకి వచ్చింది. రెండు పట్టుచీరలు, నాలుగు ప్యాంట్లు పోతే ఒక స్టీలు డబ్బా, బేరం కుదిరితే పైన గరిటె. కొన్న గిన్నె మీద పేరు చెక్కించడం తప్పనిసరి, పక్కింటికి కూర పంపితే తిరిగి రావాలిగా! అజ్జరం ఇత్తడి బిందెలు, కళాయి వేయించాల్సిన గిన్నెలు నెమ్మదిగా అటకెక్కాయి.

1959లో మన దేశంలో తయారైన ప్రెషర్ కుక్కర్లు, ఆ వెనక మిక్సీలు వచ్చాక గట్టు నిండిపోయింది. రోలు వసారాలోంచి పోయింది. కత్తిపీటకు మాత్రం ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. అది గట్టు మీద పని చేయదు. దాంతో చాలా ఇళ్లలో వంట రెండు ముక్కలైంది. హాల్లో నేల మీద కాళ్లు చాపుకుని, టీవీ చూస్తూ అత్తగారు బెండకాయలు తరుగుతుంది. వంటింట్లో నిలబడి కోడలు వేయిస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ ఆడవాళ్లు కోరుకున్న కబుర్ల బల్ల మన దగ్గర ఇలా వంటింటి బయట కుదిరింది.

ఇప్పుడు హైదరాబాదు అపార్టుమెంట్లలో పోపు పొగ లాగడానికి వేలు పోసి కొనే కరెంటు యంత్రాన్ని 'చిమ్నీ' అంటున్నారు. ఎస్.పి.రాజు మట్టితో కట్టిన గొట్టానిదీ ఇంగ్లీషులో అదే పేరు. దులిపే సమస్యా అదే. గట్టు మీద కడప రాయి పోయి గ్రానైటు వచ్చింది. ప్రకాశం జిల్లా చీమకుర్తి గనుల్లో దొరికే, నల్లటి ఒంటి మీద బంగారు చుక్కలు మెరిసే 'బ్లాక్ గెలాక్సీ' ఓడలెక్కి యూరపు, అమెరికా వంటగట్లకు వెళ్తోంది.

ఇక పోపుల పెట్టె. గూట్లోని కొయ్య పెట్టె స్టీలు గుండ్రపు డబ్బా అయింది, లోపల చిన్న గిన్నెలు. మాడ్యులర్ వంటగది గీసేవాళ్లు దానికి స్టవ్వు కింద మెత్తగా మూసుకునే సొరుగొకటి కేటాయిస్తారు. గృహప్రవేశం నాడు అందులోనే ఉంటుంది. నెల తిరిగేసరికి గట్టు మీదికి వచ్చేస్తుంది, స్టవ్వుకు కుడి పక్కకు, మూత తీసే. నూనె కాగాక ఆవాలు వేయాలి, అవి చిటపటలాడుతుండగా జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పడాలి. వేలికి అంటిన పిండితో సొరుగు లాగే తీరిక ఆ కాస్త సేపట్లో ఉండదు.