రేకు ఎందుకు చిరిగింది? తెలుగు పఠనావగాహనపై ఆత్రేయపురం నుంచి ఒక పరిశీలన

‘జిమురి బొరటను తెండలిలో చిమురించింది.’ ఈ వాక్యంలో ఒక్క మాటకూ అర్థం లేదు. అన్నీ ఈ వ్యాసం కోసం కల్పించినవే. అయినా ‘జిమురి బొరటను ఎక్కడ చిమురించింది?’ అని అడిగితే బడి పిల్లలు ‘తెండలిలో’ అని ఠక్కున చెప్పేయగలరు. ‘దేన్ని?’ అంటే ‘బొరటను’. రెండుకు రెండు మార్కులూ వేయాల్సిందే. ప్రశ్నలో ఉన్న క్రియను పాఠంలో వెతికి పట్టుకుంటే చాలు, విభక్తి ప్రత్యయం జవాబును చేతికందిస్తుంది. ‘ఎవరు, ఎక్కడ, దేన్ని’ అనే ప్రశ్నలతోనే పఠనావగాహనను కొలిచినంత కాలం మనం కొలుస్తున్నది ప్రత్యయాల గుర్తింపునే తప్ప అర్థగ్రహణాన్ని కాదన్నది నా వాదన.

చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాల వెనక ఉన్న మాటను పట్టుకునే శక్తిని, విన్న భాషను గ్రహించే శక్తితో గుణించగా వచ్చేదని ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ 1986లో ప్రతిపాదించారు. గుణకారం కాబట్టి ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. మన లిపిలో మొదటి మెట్టే పొడవు. కన్నడ పిల్లలు అక్షరాలన్నిటినీ పట్టుకోవడానికి ప్రాథమిక పాఠశాలలో కొన్నేళ్లు పడుతుందని సొనాలీ నాగ్ 2007లో చూపారు. గుణింతాలు, ఒత్తులు అంతే దట్టంగా ఉన్న తెలుగుకూ ఆ మాట వర్తిస్తుందని నేననుకుంటాను. 2022 అసర్ (వార్షిక విద్యాస్థితి) నివేదిక ప్రకారం దేశంలో ఐదో తరగతి గ్రామీణ పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 42.8 శాతమే. అదీ ప్రధానంగా పైకి చదివించి చూసిన లెక్క. ఈ అంకె చూశాక బడులు ధారగా చదివించడం మీదే దృష్టి పెట్టడం సహజం. కానీ ధారగా చదివే పిల్లవాడి దగ్గరే అసలు సమస్య మరుగున పడిపోతుంది.

పూతరేకుల ఊరైన ఆత్రేయపురం పిల్లల కోసం నేను రాసిన ఈ పేరా చూడండి. ‘అమ్మ గుడ్డను పిండినీళ్లలో ముంచి, బోర్లించిన కుండ మీద పరిచి లాగింది. రేకు చిరిగింది. పొయ్యిలోంచి కొన్ని కొబ్బరాకులు బయటికి లాగేసి మళ్లీ ముంచింది. ఈసారి కాగితంలా లేచి వచ్చింది.’

నాలుగే వాక్యాలు. కష్టమైన మాట ఒక్కటీ లేదు. కానీ చివరి రెండు వాక్యాలకు కర్త లేదు. ముంచింది ఎవరు? అమ్మ. లేచి వచ్చింది ఏమిటి? రేకు. రెండు క్రియలూ ‘ఇంది’తోనే ముగిశాయి. ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకూ తెలుగులో క్రియారూపం ఒకటే. మహత్తు, అమహత్తు అని వ్యాకరణంలో చదువుకున్నదే ఇది. నాన్న ముంచితే ‘ముంచాడు’ అయ్యేది, చిక్కు ఉండేది కాదు. ఇక్కడ మాత్రం కర్తను పిల్లలే వెతికి తెచ్చుకోవాలి. ‘దేన్ని ముంచింది?’ అన్నదానికీ జవాబు రెండు వాక్యాల వెనక ఉంది. పఠనావగాహనలో మనం నేర్పకుండా వదిలేస్తున్న పని ఇదే. పేరా చదివాక ప్రతి క్రియ కిందా గీత గీయించి, పక్కన దాని కర్తను రాయించడం కంటే మంచి మొదటి అభ్యాసం నాకు తోచలేదు.

ఇక అసలు ప్రశ్న: రేకు ఎందుకు చిరిగింది? జవాబు పేరాలో ఎక్కడా రాసి లేదు. కొబ్బరాకులు బయటికి లాగడం వల్ల మంట తగ్గిందనీ, అంటే అంతకుముందు సెగ ఎక్కువైందనీ ఊహించాలి. ఆత్రేయపురంలో రేకులు తీసే ఇంటి పిల్లకు ఆ ఊహ ఇట్టే తడుతుంది. అదే పేరాను అనంతపురం పిల్ల చదివితే ‘రేకు’ అంటే ఇంటి పైకప్పు రేకు అనుకోవచ్చు. తప్పు ఆ పిల్ల చదువుది కాదు. 1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ 64 మంది విద్యార్థుల చేత బేస్‌బాల్ ఆట వర్ణన చదివించారు. చదువులో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లల కంటే ఎక్కువ గ్రహించారు.

అలాగని పూతరేకుల దగ్గరే ఆగిపోమని కాదు. తెలిసినదాని మీద కాలు ఆనించి, తెలియనిదాన్ని అందుకోవాలి. కాలువలు చీలే లొల్ల లాకులను ఇక్కడి పిల్లలు చూసే ఉంటారు. ఎగువన నీటిమట్టం ఎందుకు ఎక్కువ, తలుపులు ఎత్తితే ఏమవుతుంది అన్న పాఠాన్ని చూసిన కంటితో చదువుతారు. అక్కడి నుంచి 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పాఠానికి దూరం లేదు.

2020-21 నుంచి ప్రభుత్వ బడుల్లో వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలను కూడా కర్తను వెతికే పనికి వాడుకోవచ్చు. తెలుగు పుటలో కర్త లోపించిన చోట ఎదురు పుటలోని ఇంగ్లీషు వాక్యం ‘షీ’ అనో ‘ఇట్’ అనో తేల్చి చెబుతుంది. తెలుగులో కర్తను ముందు పిల్లల చేత ఊహింపజేసి, ఆ తరవాత పక్క పుట చూడనివ్వాలి. ఈ వరస తిరగబడితే పుస్తకం గైడుగా మారిపోతుంది.

ఆ నాలుగు వాక్యాల పేరాను పిల్లల చేత ఇంటికి పంపి, రేకులు తీసే చేతుల ముందు చదివించాలని నా సూచన. సెగ ఒక్కటేనా, పిండి తేడా వచ్చినా చిరుగుతుందా, కుండ కొత్తదైతే ఎలా అని తల్లులు తప్పకుండా తర్కిస్తారు. ఆ మాటలు విని వచ్చిన పిల్ల పేరాలో ఇంకో వాక్యం చేర్చాలంటుంది. అది ‘చిరిగింది’కి ముందు రావాలా, తరవాత రావాలా అన్న చర్చకు ఒక పీరియడ్ మొత్తం ఇచ్చేయవచ్చు.